జిప్పు

నూటా నాలుగో రూములో దిగిన సేలం ఆయన
ఖాళీ చేసేటప్పుడు
తాళంచెవితో బాటు ఒక పెన్‌డ్రైవు ఇచ్చినాడు.
"రాత్రి డ్యూటీ కదా తంబీ, చూడు.
మొదటి రెండు భాగాలు ఓర్చుకో."
నేను పుట్టక పదేళ్ళ ముందు తీసిన సీరియలంట.
పదమూడు భాగాలకే ఆపేసినారంట.
చూసినోళ్ళు కొంచెమేనంట,
చూసి మరిచినోళ్ళు మాత్రం లేరంట.

తిరుపతి, రైల్వే స్టేషను ఎదురు సందు.
రాత్రి పదకొండున్నర.
కౌంటరు మీద రిజిస్టరు, ఆధార్ జిరాక్సులు,
మీగడ కట్టిన టీ.
కంప్యూటరు తెర మీద చుక్కలు.

నల్లగుడ్డకు సూదితో బెజ్జాలు పొడిచి
వెనకాల బల్బు పెట్టినారు, తెలిసిపోతా ఉంది.
ఒక చుక్క మాత్రం లావు.
సూది జారినట్టుంది.

ఓడ తలుపు మూస్తే గోడంతా వణికింది.
"మన రెండొందల మూడు బాత్రూము మాదిరే ఉందన్నా"
అని రూంబాయ్ మునిరత్నం పడీపడీ నవ్వినాడు.
కెప్టెన్ మోచెయ్యి తగిలి
కొండంత బండ
ఉత్త అట్టపెట్టెలాగా పక్కకు జరిగింది.
స్టేషన్లో మైకు
చెన్నై బండి లేటని మూడు భాషల్లో చెప్తా ఉంటే
ఓడలో గూడా ఎవరో ఏదో ప్రకటించినారు.
రెండూ కలిసిపోయి
చందమామ రెండో నంబరు ప్లాట్‌ఫారానికి
వస్తా ఉన్నట్టు వినబడింది నాకు.

మూడో భాగంలో దిగినారు ఆ గ్రహమోళ్ళు.
వరసగా నలభై మంది, అందరికీ గుండ్లే,
గుండ్ల మీద ఏదో పసుప్పచ్చ పూత.

అప్పుడే వేణ్ణీళ్ళకని చెంబు పట్టుకుని
మెట్లు దిగింది కదిరి అవ్వ,
సాయంత్రమే తలనీలాలిచ్చి వచ్చింది,
తలమీది గంధం ఇంకా ఆరలేదు.
నిలబడి తేరిపార చూసింది.
"వీళ్ళు గూడా కొండకు పొయ్యొచ్చినారా నాయనా?"
"వేరే లోకమోళ్ళవ్వా."
"ఏ లోకమైతే ఏం, మొక్కుంటే తప్పుతుందా?"

సోఫాలో కూలబడింది.
నాకు సగం ఇంగ్లీషు అర్థం కాలేదు,
ఆమెకు మొత్తం అర్థం కాలేదు,
కథ మాత్రం ఆమే నాకు చెప్పింది:
ఆ బొచ్చు భూతం చెడ్డది కాదంట,
వాళ్ళ ఊరి నీళ్ళకు కాపలా అంట,
నీళ్ళడగకుండా తోడుకుంటే ఎవరూరుకుంటారంట.

భూతం ఓడిపోయింది.
గుహలోకి పోతా పోతా మనకు వీపు తిప్పింది.
మెడ కాడి నించి నడుము దాకా
తళతళా జిప్పు.

మునిరత్నం మళ్ళీ నవ్వినాడు.
నేను నవ్వబోయి ఆగినా.
ఆ జిప్పు వానికి వాడు వేసుకోలేడే.
ఎవరో ఒకరు వెనకాల నిలబడి,
"ఊపిరి బిగబట్టు" అని
బొచ్చు పళ్ళలో ఇరుక్కోకుండా ఒక చేత్తో ఒత్తిపట్టి
మెల్లిగా పైకి లాగుంటారు.
వాళ్ళ పేరు చివర్లో వచ్చే పేర్లలో ఉందో లేదో,
అక్షరాలు మరీ చిన్నవి.

"నాయనా," అవ్వ తల వంచింది,
"వెనకాల యాడో గుచ్చుకుంటా ఉంది,
నాకు కనబడి చావదు, కాస్త చూడు."
సెల్లు లైటు వేసి చూసినా.
కుడిచెవి వెనక, కందిగింజంత చోట
తెల్లవెంట్రుకలు నాలుగైదు మిగిలినాయి.
కత్తి జారినట్టుంది.
"ఉండనీలే" అనింది, "ఆయనకు లెక్కుండదు."
తెర మీద ఓడ లేచింది,
దారం కనబడింది,
ఎవరం ఏమీ అనలేదు.

మబ్బున ఐదుకి అవ్వ వాళ్ళు ఖాళీ చేసినారు.
రిజిస్టర్లో "వచ్చిన పని" అనే గడిలో
ఆ పేజీ పొడుగూతా దర్శనం, దర్శనం, దర్శనం.
ఏం తోచిందో వెనక పేజీ తిప్పి
సేలం ఆయన గడి చూసినా. అరవంలో ఉంది.
మునిరత్నం కండ్లు నులుముకుంటా చదివినాడు:
"సుమ్మా."
ఊరికే.